వెనక గదిలో ఇరవై ఆరు డిగ్రీలు

వెనక గది,
ఆదివారం మధ్యాహ్నం.

మిరపకాయకు,

ఈ పేరు మార్చమని పోయిన ఉత్తరంలో అడిగావు. నీ నోరు కాస్త చప్పబడ్డాక ఆలోచిస్తాను.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోను మోగగానే మీ అన్నయ్య వచ్చి పక్కన కూర్చుంటారు. నేను మాట మొదలుపెడితే ఆయన పూర్తి చేస్తారు. పంతొమ్మిదేళ్లుగా మా ఇంట్లో ఇదే పద్ధతి. కాగితం మీదైతే నేను మొదలుపెట్టింది నేనే ముగించుకోవచ్చు.

సంగతేమిటంటే, పొట్టివి గుడ్లు పెట్టాయి.

నీకు చేపల గొడవ పట్టదు కాబట్టి మొదటి నుంచీ చెప్తాను, విసుక్కోకు. వెనక గదిలో మీ అన్నయ్య పద్నాలుగు గాజు తొట్లు పెట్టారు కదా. పై వరసలో మూడోది మరుగుజ్జు సిక్లిడ్లనే చేపలది. చేపల క్లబ్బులో వాటిని అపిస్టోలంటారు, నేను పొట్టివి అంటాను. మగది నా చూపుడు వేలంత ఉంటుంది. నీలం, ఎరుపు, రెండు కొసల తోక, హంగులన్నీ దానికే. ఆడది అందులో సగం, బూడిద రంగు, ఓ మూల నక్కి ఉంటుంది. ఈ రకాన్ని క్లబ్బులో ఇరవై రెండు మంది తెచ్చుకున్నారు. ఒక్కరింట్లోనూ పిల్లలు కాలేదు. తెచ్చినవి పోతాయి, మళ్లీ తెస్తారు.

పోయిన నెల మీ అన్నయ్య కరెంటు ఆఫీసు పని మీద రెండు వారాలు వేరే ఊళ్లో ఉన్నారు. వెళ్తూ తలుపు మీద కాగితం అంటించారు. మేత వేయడం తప్ప దేన్నీ ముట్టుకోవద్దని. నేను ఆ తలుపు తీసి గోడకి ఆనించేశాను, కాగితం అటు తిరిగింది. తర్వాత హీటరు ఇరవై తొమ్మిది నుంచి ఇరవై ఆరుకి దించాను. పట్టి ఉంచిన వాన నీళ్లు రోజుకో చెంబు పోశాను. బాదం ఆకులు ఉడకబెట్టి అడుగున పరిచాను. ఓ చిన్న మట్టి కుండీ అంచు పగలగొట్టి, ఆడది మాత్రమే దూరేంత సందు చేసి బోర్లించాను. పగలంతా షాపులో కళ్లజోళ్లకి అద్దాలు బిగించి వచ్చి, సాయంత్రాలు ఆ తొట్టి ముందు పీట వేసుకుని కూర్చునేదాన్ని.

ఐదో రోజున ఆడది నిమ్మపండులా పచ్చబడింది. ఒంటి మీద నల్ల మచ్చలు తేలాయి. కుండీ గుమ్మంలో నిలబడి, తనకన్నా రెండింతలున్న మగదాన్ని తొట్టి ఆ చివరికి తరిమికొట్టింది. నాకు నవ్వొచ్చింది, కాసేపయ్యాక ఏడుపూ వచ్చింది, ఎందుకో అడక్కు.

మీ అన్నయ్య తిరిగొచ్చేసరికి దాని వెనక ఆవగింజంత పిల్లలు నలభై దాకా తిరుగుతున్నాయి. ఆయన చూశారు. హాల్లోకి వెళ్లి క్లబ్బుకి ఫోను చేశారు. "నా పొట్టివి పిల్లల్ని పెట్టాయండీ" అన్నారు. నేను వెనక గది గుమ్మంలో నిలబడి బకెట్లో నీళ్లు వంచుతున్నాను.

నాకేం బాధ లేదు. బాధ లేదని రాయడానికి రెండు కాగితాలు పట్టాయి, అంతే.

మీ క్వార్టర్స్ ముందు బాదం చెట్టుంది కదా. రాలి ఎండిన ఆకులు కవరులో పెట్టి పంపు. పచ్చివి వద్దు.

మీ వదిన.


మందుల ఫ్యాక్టరీ క్వార్టర్స్, రెండో అంతస్తు,
బుధవారం.

వదినకు,

ఆకులు తొమ్మిది పెట్టాను. కిందికి దిగి ఏరుతుంటే వాచ్‌మన్ విచిత్రంగా చూశాడు. మా వదిన చేపలకి పురుడొచ్చిందని చెప్పాను. ఇప్పుడు నన్ను చూస్తే దారి వదిలేస్తున్నాడు.

నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. అన్నయ్య మొదటి నుంచీ అంతే. బడిలో బొమ్మల పోటీకి బొమ్మ నేను వేసేదాన్ని, కింద సంతకం తను పెట్టేవాడు. అదేమని అడిగితే "మనింట్లోంచే కదా వెళ్లింది" అనేవాడు. అమ్మ కూడా అవును కదా అనేది. నేనూ అవును కదా అనుకునేదాన్ని.

అయినా వదినా, అన్నయ్యని నేను ఇంతకు మించి ఒక్క మాట అనలేను. నేను పెట్టె పట్టుకుని మా అత్తగారింట్లోంచి బయటికొచ్చిన రోజు నా పక్కన నిలబడింది ఆయనొక్కడే. ఈ ప్యాకింగ్ సెక్షన్‌లో ఉద్యోగమూ ఆయన తిరిగి తిరిగి వేయించిందే. నీకు తెలియనిది కాదు.

ఇక్కడ రోజంతా బెల్టు మీద మాత్రల అట్టలు వెళ్తుంటాయి. ఖాళీ గుంత ఉన్న అట్టని ఏరి పక్కన పడేయాలి. ఎనిమిది గంటలు కళ్లల్లో వత్తులేసుకుని చూడటం. నువ్వు తొట్టి ముందు కూర్చున్నావంటే నాకు ఈర్ష్యగా ఉంది. కనీసం అవి కదుల్తాయి, వెనక్కి తిరిగి నిన్ను చూస్తాయి.

హీటరు దించితే ఏమవుతుంది? వివరంగా రాయి. నాకు చేపల గొడవ పట్టదని ఎవరన్నారు?

నీ మిరపకాయ.


వెనక గది,
శనివారం, రెండు నెలల తర్వాత.

మిరపకాయకు,

ఇన్నాళ్లూ రాయనందుకు తిట్టుకో. రొయ్యపిల్లల్ని పొదిగించడంతోనే పొద్దు చాలడం లేదు. ఉప్పునీళ్ల సీసాలో ఇసుకలాంటి రొయ్యగుడ్లు వేసి గాలిగొట్టం పెడితే మర్నాటికి నారింజ రంగు నలుసులు కదుల్తాయి. చేపపిల్లలకి అదే తిండి. రోజుకు మూడు పూటలు. నలభైలో ఇరవై తొమ్మిది నిలిచాయి.

హీటరు సంగతి అడిగావు. పొట్టివాటిలో పిల్ల మగదో ఆడదో గుడ్డులోనే తేలిపోదు. మొదటి నెలా నెలన్నర నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయన్న దాన్ని బట్టి తేలుతుంది. ముప్పై దగ్గర ఉంచితే దాదాపు అన్నీ మగవే. ఇరవై ఆరు దగ్గర సగం సగం. ఈ ముక్క మీ అన్నయ్యకి నేనే చెప్పాను. చెప్పిన రోజుని ఇప్పుడు తిట్టుకుంటున్నాను.

ఎందుకంటే చేపల షాపాయన మా ఇంటికొచ్చాడు. తొట్టి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మగవైతే ఎన్నయినా తీసుకుంటాను సార్. ఆడవి నాకెందుకు? రంగు లేదు, రూపం లేదు. పైగా ఆడదాన్ని కూడా ఇచ్చామంటే కొన్నవాడు ఇంట్లోనే పిల్లల్ని తీసుకుంటాడు, ఇక మన మెట్లెక్కడు" అన్నాడు. మీ అన్నయ్య తలాడించారు. ఆడవి ఇంకే ఇంటికీ వెళ్లకూడదట, తల్లి మాత్రం మన దగ్గర ఉండాలట. అంటే ఈ చేప కావాలనుకున్న వాళ్లంతా జీవితాంతం మన గుమ్మంలో నిలబడాలి.

ఒక్క ఫ్యూజు కాలిపోయిందంటే పద్నాలుగు తొట్లూ పోతాయి మిరపకాయా. ఒక్క ఇంట్లో మాత్రమే ఉన్న రకం ఉన్నట్టు లెక్క కాదు. నేను ఆ మాట అంటే షాపాయన నవ్వి, "మేడమ్ మంచి టీ పెడతారట కదా" అన్నాడు.

అప్పటి నుంచీ మా ఇంట్లో హీటరు యుద్ధం. తల్లి మళ్లీ గుడ్ల మీదుంది. పొద్దున్నే ఆయన ముప్పైకి తిప్పి ఆఫీసుకెళ్తారు. ఆయన మెట్లు దిగగానే నేను ఇరవై ఆరుకి తిప్పి షాపుకెళ్తాను. సాయంత్రం ముందొచ్చిన వాళ్లది గెలుపు. ఒకరికొకరం ఏమీ అనుకోం. అన్నం దగ్గర పచ్చడి అందుకోమంటే అందుకుంటాం.

నువ్వెవరి వైపో రాయి. ఊరికే అడుగుతున్నాను.

మీ వదిన.


క్వార్టర్స్,
మంగళవారం.

వదినకు,

ఉత్తరం అందింది. పని ఎక్కువగా ఉంది, అందుకే నాలుగు ముక్కలు.

నేనైతే సర్దుకుపొమ్మంటాను. తొట్లు కొన్నది అన్నయ్య, క్లబ్బులో సభ్యత్వం అన్నయ్యది. ఇంట్లో ఇద్దరి మధ్య చేపల కోసం తగవేమిటి? ఆడవి నువ్వు బయట ఎవరికైనా ఇద్దామనుకుంటున్నావా? ఎవరికి? ఏదైనా చేసే ముందు నాకు రాయి.

ఆకులు నాలుగు పెట్టాను.

మిరపకాయ.


వెనక గది,
సోమవారం.

నీకు,

ఈసారి మిరపకాయ అనలేదు, చూశావా. మిరపకాయ ఇలా రాయదు. నీ అక్షరాలే, మాటలు మాత్రం నీవి కావు. 'తగవేమిటి' అన్న మాట మా హాల్లో రోజూ వినిపిస్తూనే ఉంటుంది.

తల్లి పోయింది. ముప్పై దగ్గర రెండోసారి పెట్టిన గుడ్లకి బూజు పట్టింది. అది వాటిని వదల్లేదు. తిండి మానేసి, బూజు పట్టిన గుడ్లకే రెక్కలతో గాలి విసురుతూ ఎనిమిది రోజులు కుండీలోనే ఉంది. అంతకు ముందు దాకా నేను హీటరు తిప్పుతూనే ఉన్నాను. ఆ వారం ఆయన సెలవు పెట్టి ఇంట్లోనే కూర్చున్నాడు, మేత వేసే వేళ తప్ప గదికి తాళం వేసుకుని. తొమ్మిదో రోజు తీసి నా చేతిలో పెట్టాడు. "పోయిందిలే, ఇంకా పిల్లలున్నాయిగా" అన్నాడు. దాని ఒంటి మీద ఇంకా పసుపు ఉంది.

నేను ఏడ్చాను. చేప కోసం ఏడ్చానని నవ్వినా నవ్వు.

ఇప్పుడు మిగిలింది ఆ ఇరవై తొమ్మిదే. నాలుగో నెల వచ్చేసరికి రంగులు తేలాయి. పదహారు రంగువి, పదమూడు బూడిదవి. వచ్చే ఆదివారం ఏరుతాడట. రంగువి షాపాయనకి. బూడిదవాటిలో దిట్టమైనవి రెండు తన కోసం విడిగా పెట్టుకుంటాడట. మిగతా పదకొండు కింది వరసలో పెద్ద చేపల తొట్టిలో వేసేయాలట. మేతకి. వచ్చే నెల క్లబ్బు పుస్తకంలో ఈ వంశం తన పేరున రాయించుకుంటాడు. రాయించుకున్నాక ఆడవి ఎక్కడా దొరకవు.

నేను ఒప్పుకోను. ఏం చేస్తానో నీకు రాయను. ఏదైనా చేసే ముందు నాకు రాయి అన్నావు కదా, అందుకే రాయను.

వదిన.


క్వార్టర్స్,
గురువారం.

వదినకు,

నువ్వు తిట్టింది సరిపోలేదు. ఇంకా తిట్టు.

అన్నయ్య నాకు ఉత్తరం రాశాడు. పోయిన నెలలోనే. "మీ వదినకి కాస్త నచ్చజెప్పు. నీ మాట వింటుంది. ఆడవి ఎవరికైనా చేరవేస్తుందేమో అడిగి తెలుసుకుని నాకు రాయి" అని. చివర్లో, "నేను నీకోసం ఏం చేశానో నీకు గుర్తు చేయక్కర్లేదు" అని కూడా రాశాడు. గుర్తు చేయక్కర్లేదని రాయడమంటే గుర్తు చేయడమే కదా వదినా. అయినా నేను లొంగిపోయాను. పోయిన ఉత్తరంలో సగం ఆయన చెప్పిన మాటలే కాపీ కొట్టాను. పోస్టులో వేసి వచ్చి అన్నం తినబుద్ధి కాలేదు.

నీ ఉత్తరంలో ఆయనకి మర్యాద పోయింది, గమనించాను. పోనీ.

తల్లి చేప సంగతి మధ్యాహ్నం భోజనాల దగ్గర మా సెక్షన్‌లో చదివి వినిపించాను. ఎవరూ నవ్వలేదు. బెల్టు దగ్గర నా ఎదురుగా కూర్చునే ఆవిడ టిఫిన్ డబ్బా మూత పెట్టేసింది.

నిన్న జీతం పోయినా సెలవు పెట్టి బజారుకెళ్లి ఒక తొట్టి కొన్నాను. మంచం పక్కన పెట్టాను. మంచం గోడకి జరపాల్సొచ్చింది, ఇప్పుడు కాళ్లు చాపితే తలుపుకి తగుల్తాయి. స్పాంజి ఫిల్టరు పెట్టాను. డాబా మీద వాన నీళ్లు పట్టాను. ఆకులకి కొదవ లేదు, నా గుమ్మంలోనే చెట్టుంది. హీటరు ఇరవై ఆరు మీద ఉంది.

ఇంకేమీ అడగను. ఎవరికిస్తావని అసలే అడగను.

మిరపకాయ.


కళ్లజోళ్ల షాపు, వెనక బల్ల,
సోమవారం భోజనాల వేళ.

మిరపకాయకు,

ఇంటి నుంచి రాయడం లేదు, షాపులో రాస్తున్నాను. మా పెద్దాయన అటు తిరిగి కునుకు తీస్తున్నాడు.

నిన్న జరిగింది చెప్తాను. ఇది నువ్వు నవ్వాల్సిన ఉత్తరం.

ఆయన వల పట్టుకుని తొట్టి ముందు కూర్చున్నాడు. నేను బకెట్లు అందించాను. రంగువి పదహారూ ఒక బకెట్లోకి వెళ్లాయి. బూడిదవాటిలో దిట్టమైనవి రెండు ఏరాలి కదా, కళ్లద్దాలు సర్దుకుని పావుగంట చూశాడు. అన్నిటికన్నా పొడుగ్గా, బలంగా ఉన్న రెండింటిని పట్టాడు. "వంశం నిలబెట్టే ఆడవాళ్లంటే ఇలా ఉండాలి" అన్నాడు.

ఆ రెండూ మగవి.

పొట్టివాటిలో ఇలాంటివి ఉంటాయి మిరపకాయా. తొట్టిలో బలమైన మగవి పెత్తనం చేస్తుంటే కొన్ని మగవి రంగు బయటపెట్టవు. దెబ్బలు తప్పించుకోవడానికి ఆడవాటిలా బూడిద రంగులోనే తిరుగుతాయి. రంగుని బట్టి చూస్తే ఎవరైనా మోసపోతారు. ఆడదానికి పొట్ట కింది రెక్క కురచగా, ముందంచు నల్లగా ఉంటుంది. అద్దాల్లో గీత వెతికే భూతద్దం నా కంటికి పెట్టుకుని నెల రోజుల కిందటే చూశాను. ఆ రెండిటికీ నలుపు లేదు, రెక్క కొస సాగుతోంది. రోజూ మేత వేసేవాళ్లకి ఇది తెలుస్తుంది. ఆయన ఎప్పుడు వేశాడని?

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం అనుకున్నాను. పంతొమ్మిదేళ్లుగా ఆయన తప్పు చేసే ముందే చెప్తూ వచ్చాను. గ్యాస్ కట్టెయ్యమని, గొడుగు తీసుకెళ్లమని, ఆఫీసు కాగితంలో అంకె తప్పిందని. నిన్న నోరు మెదపలేదు. వల తడి చేసి అందించాను. "బాగున్నాయి" అన్నాను కూడా.

మిగతా పదకొండూ బకెట్లో వేసి, "పెద్దవాటికి వేసెయ్" అన్నాడు. వేసేశానని చెప్పాను. అబద్ధం. బతుకులో పెద్ద అబద్ధం అదే.

రంగువాటిలోంచి కూడా ఒకటి తీశాను. షాపాయనకి పదిహేనే వెళ్లాయి. వాళ్లిద్దరూ లెక్కపెట్టుకుని ఒకరినొకరు అనుమానించుకుంటే వాళ్ల ఇష్టం.

రెండు రోజులుగా మేత ఆపాను, దారిలో నీళ్లు పాడవకూడదు కదా. ఇప్పుడు పన్నెండూ ఈ బల్ల కిందున్నాయి, ఒక్కో సంచిలో ఒక్కొక్కటి, సగానికి పైగా గాలి, థర్మోకోల్ పెట్టె. పార్సిల్ బస్సు సాయంత్రం బయల్దేరుతుంది, పొద్దున ఏడింటికి మీ స్టాండులో ఉంటుంది. ఈ ఉత్తరం పెట్టెలోనే పెడుతున్నాను, స్టాండుకి రమ్మని మాత్రం షాపు ఫోను నుంచి చెప్తాను. సంచులు తొట్టి నీళ్లల్లో అరగంట తేలనిచ్చి, అప్పుడు కొంచెం కొంచెంగా నీళ్లు కలుపు. కంగారు పడకు. కంగారు పడ్డావంటే నీ మీద కాదు, నా మీద ఒట్టు.

మీ వదిన.


క్వార్టర్స్,
బుధవారం.

వదినా,

పన్నెండూ బతికాయి. ఆరున్నరకే వెళ్లి బస్సు కోసం నిలబడ్డాను. పెట్టె దింపిన బస్సు క్లీనరు "గాజు సామానా?" అని అడిగితే అవునన్నాను, ఎందుకన్నానో తెలీదు. అరగంట అన్నావు, నేను నలభై నిమిషాలు తేలనిచ్చాను.

వాటిలో ఒక చిన్నది అప్పుడే నా వేలి మీదకి వచ్చి కొరికింది. దానికి నా పేరు పెట్టుకుంటాను.

మిరపకాయ.


కళ్లజోళ్ల షాపు,
మంగళవారం, నెల తర్వాత.

మిరపకాయకు,

ఆదివారం క్లబ్బు సమావేశం అయింది. నీళ్ల డబ్బా మోయడానికి మనిషి కావాలని నన్నూ తీసుకెళ్లాడు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

క్లబ్బు కార్యదర్శి రిటైరైన పోస్టుమాస్టరు. ఆయన కళ్లజోడు నేను బిగించిందే, అందుకని నన్ను చూడగానే పలకరించాడు. కొత్త వంశం పుస్తకంలో రాయాలంటే వాళ్లకో పద్ధతి ఉంది. మగా ఆడా రెండూ తెచ్చి అందరి ముందు చూపించాలి, పిల్లల్ని ఎలా తీశారో నోటితో చెప్పాలి. మీ అన్నయ్య తండ్రి చేప ఉన్న సీసా పక్కన పెట్టి, తొట్టి మీద గుడ్డ తీశాడు. నెల రోజులు బలమైన మగవాటికి దూరంగా ఉన్నాయి కదా, 'వంశం నిలబెట్టే ఆడవాళ్లు' ఇద్దరూ నీలంగా, ఎర్రగా, తోకలు విప్పుకుని ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. ఇంట్లో ఆ తొట్టిని ఆయన గుడ్డ కప్పి చీకట్లో ఉంచాడు, నేను తాకకుండా. గుడ్డ అంచు ఎత్తి మేత చల్లేవాడు, అందుకే ఆయనా చూళ్లేదు.

పోస్టుమాస్టరు కళ్లజోడు పైకి తోసి, "ఇందులో ఆడది ఏదండీ?" అని అడిగాడు. మీ అన్నయ్య గుడ్డతో తొట్టి అద్దం తుడిచాడు. "సరే, పిల్లల్ని తీసేటప్పుడు వేడి ఎంత ఉంచారు?" అన్నాడు. "ముప్పై" అన్నాడు మీ అన్నయ్య.

"ఇరవై ఆరు" అన్నాను.

అందరూ నీళ్ల డబ్బా వైపు తిరిగారు. అంటే నా వైపు. "మీకెలా తెలుసమ్మా?" అన్నాడు పోస్టుమాస్టరు. "నేను తీశాను కాబట్టి" అన్నాను. తర్వాత ఆయన అడిగినవన్నీ చెప్పాను. కుండీ సందు ఎంత, ఎన్నో రోజున పిల్లలు బయటికొచ్చాయి, రొయ్యపిల్లలు ఎన్నిసార్లు, తల్లి ఎలా పోయింది. వెనక వరసలో ఎవరో రాసుకుంటున్నారు. పుస్తకంలో ఆ పేజీ ఖాళీగానే ఉంచారు. ఆడది చూపించిన రోజున రాస్తామన్నారు. ఎవరి పేరున అన్నది పోస్టుమాస్టరు అనలేదు. నన్నే చూస్తూ కలం మూత పెట్టాడు.

ఇంటికొచ్చాక ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. "నా పరువు తీశావు. ఆడవి ఎక్కడున్నాయి?" అన్నాడు. చెప్పనన్నాను. మళ్లీ అడిగాడు, మళ్లీ అదే అన్నాను. కరెంటు ఆఫీసు మనిషి కదా, లేచి వెళ్లి వెనక గది ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. పద్నాలుగు తొట్లలోనూ గాలి ఆగిపోయింది. ఆ చేపలన్నీ ఆయనవే, అది కూడా ఆలోచించలేదు. నేను చెప్పులేసుకుని వీధి చివర దుకాణానికెళ్లి కొత్త ఫ్యూజు తెచ్చాను. రోజూ కళ్లజోడు మరలు తిప్పే చేయి, అదెంతసేపు. ఆయన చూస్తుండగానే బిగించాను. నా సంచిలో ఇంకా రెండున్నాయని కూడా చెప్పాను.

భయం వేసింది, ఎందుకు అబద్ధమాడాలి. అయినా ఇప్పుడు నాకు ఏది పోయినా పర్వాలేదనిపిస్తోంది, ఆ పదకొండు తప్ప. అవి మళ్లీ ఆ బకెట్లోకి రాకూడదు.

ఆయన నీకు రాస్తాడు. నీ దగ్గరే ఉన్నాయని పసిగట్టాడు. నువ్వు ఆయనకి ఏం బదులిచ్చినా నేను తప్పు పట్టను. నీకు ఆయన చేసింది చిన్నది కాదు. ఇది మనస్ఫూర్తిగానే రాస్తున్నాను.

మీ వదిన.


క్వార్టర్స్, రెండో అంతస్తు,
ఆదివారం.

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. దీని నకలు వదినకి కూడా పంపుతున్నాను. ఇకమీదట మన ఇద్దరి మధ్య రహస్యంగా ఏమీ వద్దు.

ఆడచేపలు నా దగ్గరున్నాయా అని అడిగావు. ఉన్నాయి. ఉంటే ఈ వారంలోగా తిప్పి పంపమన్నావు. లేకపోతే అన్న అనే వాడు లేడనుకోమన్నావు. ఆ వాక్యం చదివి ఒక రోజంతా పనికెళ్లకుండా మంచం మీదే పడుకున్నాను. నీ మీద కోపంతో కాదు, దుఃఖంతో. నాకు నువ్వు తప్ప పుట్టింటి వాళ్లెవరూ లేరు, అది నీకూ తెలుసు కాబట్టే అలా రాశావు.

మా అత్తగారింట్లోంచి నేను వచ్చేసిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. నా పెట్టె ఇచ్చారు గానీ, నేను నాలుగేళ్లు కూర్చుని కుట్టిన దుప్పట్లు ఇచ్చేది లేదన్నారు. గుడ్డ మాది, దారం మాది, మిషను మాది అన్నారు. నేను పోనీలే అన్నయ్యా, వెళ్లిపోదాం అన్నాను. నువ్వు కదల్లేదు. వాళ్ల గుమ్మంలో నిలబడి, వీధి వీధంతా వినేలా, "గుడ్డ ఎవరిదైతే నాకేం? కుట్టింది నా చెల్లెలు. కుట్టినవాళ్లవే" అన్నావు. రెండు గంటలు నిలబడి పన్నెండు దుప్పట్లూ మోసుకొచ్చావు. ఇప్పటికీ వాటి మీదే పడుకుంటున్నాను.

తొట్లు నీవి, హీటరు నీది, క్లబ్బు సభ్యత్వం నీది. పిల్లల్ని తీసింది వదిన. నువ్వు చెప్పిన న్యాయమే, నాకు వేరే న్యాయం తెలియదు.

వాటిలో ఒకటి నాలుగు రోజుల కిందట పచ్చబడింది. కుండీలో గుడ్లున్నాయి. పిల్లలయ్యాక మా సెక్షన్‌లో ముగ్గురికి జతలు జతలుగా ఇస్తాను, అడిగిన ఇంకెవరికైనా ఇస్తాను. ఎవరి దగ్గర్నుంచి వచ్చాయంటే వదిన పేరు చెప్తాను.

నన్ను చెల్లెలు కాదనుకుంటే అనుకో, ఏడుస్తాను గానీ చేపలు పంపను. నీకు నిజంగా ఒక ఆడది కావాలంటే, వాటి మనిషి మీ ఇంట్లోనే ఉంది. వెనక గదిలోకి వెళ్లి అడుగు. ఇవ్వాలో వద్దో ఆవిడ ఇష్టం.

నీ చెల్లెలు.